గరుసు మిట్ట మీద నల్లమన్ను

గాదిలింగ కడుపులో మంట తిన్న తిండి వల్ల వచ్చింది కాదు. పొద్దున తిన్నది ఇంత సంగటి, ఇంత ఊరిమిండి పచ్చడి. దానికి ఎవరికీ మంట రాదు. ఆ మంటకు ఒక పేరుంది, దానికి కాళ్ళూ చేతులూ ఉన్నాయి, పైగా అది రోజూ కనిపించి "బాగుండావా అన్నా?" అని పలకరిస్తుంది కూడా. ఆ మంట పేరు హొన్నూరప్ప.

రేవణయ్య తాత గొర్రెల కాపరులకు గురువు. ఆయన మఠమంటే మీరు పెద్దగా ఏమీ ఊహించుకోకండి. రాళ్ళు పేర్చి బోదగడ్డి కప్పిన ఒక కొట్టం, పక్కన గొర్రెల దొడ్డి, అంతే. జ్ఞానం కావాలని వచ్చినవాడికి తాత ఒక నల్ల కంబళి, కొన్ని గొర్రెలు, ఇంత నేల అప్పజెప్పేవాడు. "దీన్ని చూసుకుంటా ఉండు" అనేవాడు. ఎన్నాళ్ళు అని అడిగితే నవ్వి ఊరుకునేవాడు. ఎప్పుడో ఒకరోజు, ఆయనకు బుద్ధి పుట్టినప్పుడు, దగ్గరికి పిలిచి చెవిలో ఒక మాట చెప్పేవాడు. ఆ మాట విన్నవాడు ఇక తన ఊరికి తాను గురువు.

గాదిలింగ ఆ మాట కోసమే వచ్చాడు. వచ్చిన కొత్తలో నరుక్కున్న చేతికర్ర అరిగి అరిగి పొట్టిదైపోయింది గానీ, మాట మాత్రం ఇంకా చెవిన పడలేదు.

అతనికి దక్కిన నేల కొట్టం వెనకాల ఉన్న గరుసు మిట్ట. గడ్డపార వేస్తే జానెడు దిగకముందే ఖంగుమంటుంది. పైన గులకరాళ్ళు, వాటి సందుల్లో పలచని ఎర్రమన్ను, కింద పుచ్చిపోయిన రాయి, దాని కింద పుచ్చని రాయి. నాగలి కట్టడానికి లేదు, బావి తవ్వడానికి లేదు. పెద్దవాన కురిస్తే నీళ్ళు ఒక్క గడియ కూడా నిలవవు, ఎవరో తరుముతున్నట్టు దిగువ వంకలోకి ఉరుకుతాయి. చెట్టని చెప్పుకోవాలంటే తంగేడు పొదలు. మిగతాదంతా బోదగడ్డి, అది కూడా దేవుడు కరుణిస్తేనే. అయినా గాదిలింగ ఆ మిట్టతో సర్దుకున్నాడు. తన వంతుకు వచ్చింది తనకు వచ్చింది అనుకున్నాడు. పోల్చి చూసుకోవడానికి పక్కన ఇంకొకటి లేనంతవరకు మనిషి దేనితోనైనా సర్దుకుంటాడు.

నిరుడు హొన్నూరప్ప వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఏదో ఒకటి వాగుతూ ఉంటాడు. చెప్పింది మరిచిపోతాడు. దొడ్డి తడిక మూయడం మరిచిపోయి ఒకసారి పొట్టేళ్ళను పక్క ఊరి దాకా పోనిచ్చాడు. అలాంటివాడికి తాత ఏమిచ్చాడనుకున్నారు? వంక పక్కనున్న రేగడి ఇచ్చాడు. కాటుక లాంటి నల్లమన్ను. దాని లోతు ఎంతో ఎవరూ చూడలేదు. వానలు బాగా కురిసిన ఏడాది అక్కడ గడ్డి నడుం దాకా వస్తుంది, అందులో గొర్రె దూరితే వీపు కనబడదు.

"ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి" అని ఊరికే అన్నారా అని గాదిలింగ పళ్ళు నూరుకున్నాడు.

నేల సంగతి అట్లా ఉంచండి. అసలు కాల్చింది అది కాదు. తాత పొద్దుగూకే వేళకు రేగడి దగ్గరికి పోయి, హొన్నూరప్ప పక్కన గట్టు మీద కూర్చునేవాడు. దీపాలు పెట్టేదాకా మాట్లాడేవాడు. చెయ్యి ఊపుతూ, నేల మీద గీతలు గీస్తూ, నవ్వుతూ మాట్లాడేవాడు. గాదిలింగ మిట్ట మీద ఒక గుండురాయెక్కి చూసేవాడు. అంత దూరానికి మాట వినబడదు, పెదవులు కదలడం మాత్రం తెలుస్తుంది. అవి కదిలినప్పుడల్లా తనకు రావలసిన మాటేదో దారి తప్పి వాడి చెవిలో పడిపోతున్నట్టు గాదిలింగ గుండె లాగేసేది.

మరి మిట్ట మీదికి తాత రాడా అంటే, వస్తాడు. పొద్దన్నే వస్తాడు. నిలబడే ఒక మాట అంటాడు, వెళ్ళిపోతాడు.

"ఈ రాయి ఎత్తి చూసినావా?" అంటాడు ఒకరోజు. "ముసిలి గొర్రె ఈ పొద్దు యా పక్కకు తిరిగి పండుకొనిందో చూసినావా?" అంటాడు ఇంకోరోజు. ఒక్కోసారి అదీ ఉండదు. "గాలి మారినట్టుంది" అని కంబళి సర్దుకుని దిగిపోతాడు.

ఇవీ ఒక మాటలేనా? గాలి మారిందని చెప్పడానికి గురువు కావాలా, ముక్కుంటే చాలదూ? గాదిలింగ రాయీ ఎత్తలేదు, ముసలి గొర్రెనూ చూడలేదు. తాత వెనక్కి తిరిగి దిగిపోతుంటే ఆ వీపును చూస్తూ నిలబడేవాడు.

చివరికి ఒక పొద్దున ఓర్చుకోలేకపోయాడు.

"తాతా, నా నేల మార్చు."

"ఏమొచ్చింది దానికి?"

"దాంట్లో ఏముంది గనక? చెంబెడు నీళ్ళు పోస్తే చెంబెడూ కారిపోతాయి. మన్నే లేదు."

తాత మిట్టను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు, మొదటిసారి చూస్తున్నవాడిలాగా.

"మన్ను లేదంటే తెచ్చుకో" అన్నాడు, దిగిపోయాడు.

వెటకారంగా అన్నాడో నిజంగానే అన్నాడో గాదిలింగకు పట్టలేదు. కడుపు మండేవాడు మాటలోంచి తనకు కావలసిందే ఏరుకుంటాడు. ఆ మధ్యాహ్నమే తట్ట, పార తీసుకుని వంక దిగాడు.

ముందు మిట్ట నడుమ మంద పడుకునేంత మేర గులకరాళ్ళన్నీ ఏరేశాడు. ఏరిన రాళ్ళను చుట్టూ గట్టులా పేర్చాడు. ఆ తర్వాత రేగడి తవ్వి తట్టలతో మోసుకొచ్చి అందులో పోయడం మొదలుపెట్టాడు. ఎండాకాలం, తలపాగా కింద మాడు కాలిపోతుంది. చెప్పులోకి గరుసు దూరి మడమ చీలింది. అయినా ఆగలేదు. అన్నిటికన్నా కష్టం ఏమిటంటే, మన్ను నిండిన తట్టను ఎవడూ ఒక్కడే నెత్తికెత్తుకోలేడు. సాయం పట్టేవాడు ఉండాలి.

హొన్నూరప్ప పరిగెత్తుకొచ్చాడు. "మన్ను కావాలా అన్నా? ఈడ తవ్వు, ఈడ మెత్తగుంటాది. దండిగా ఉండాదిలే, ఎంత కావాలంటే అంత ఎత్తుకో" అన్నాడు.

ఆ ధారాళం చూసి గాదిలింగకు ఒళ్ళు మండింది. లేదంటే పోట్లాడవచ్చు. వాడు లేదనలేదు. 'ఉన్నవాడికేం, ఎన్నైనా అంటాడు' అనుకున్నాడు. వాడి చెయ్యి తట్టకు తగలనివ్వలేదు. వంక గట్టు మీద తట్ట పెట్టి, గట్టు దిగి, మోకాళ్ళు వంచి, మెడ విరిగేలా తానే ఎత్తుకున్నాడు.

మరుసటి రోజు గట్టు దగ్గర తాత కనిపించాడు. ఎందుకు, ఏమిటి అని అడగలేదు. తట్టకు ఒక చెయ్యి వేసి గాదిలింగ నెత్తి మీదికి ఎత్తాడు. ఇంకో తట్టకు వచ్చేసరికి అక్కడే ఉన్నాడు, మళ్ళీ ఎత్తాడు. అట్లా ఆ పని అయ్యేదాకా ఎత్తుతూనే ఉన్నాడు. ముసలి చేతులు, నరాలు తేలి ఉన్నాయి. గాదిలింగ మాత్రం లోపల్లోపల పొంగిపోయాడు. చూడరా హొన్నూరప్పా, ఈ పొద్దు తాత ఎవరి పక్కనున్నాడో చూడు అనుకున్నాడు.

పని ముగిసేసరికి ఎర్రటి మిట్ట నడుమ నల్లటి చదరం ఒకటి తయారైంది. చదును చేసి, చేత్తో నిమిరి, దాని ఒడ్డున కూర్చున్నాడు. దారిన పోయే కాపరులు ఆగి చూశారు.

"ఏమి గాదిలింగా, మిట్టకు మాసికేసినావే?" అన్నాడొకడు.

"వాన రానీ. మాసికో పట్టుబట్టో అప్పుడు చెప్తా" అన్నాడు గాదిలింగ. మనసులో ఒక లెక్క కట్టుకున్నాడు. వాన పడుతుంది, తన నల్లమన్ను మీద గడ్డి దట్టంగా మొలుస్తుంది, తాత చూస్తాడు, పిలుస్తాడు, చెవిలో మాట చెబుతాడు. అప్పటికీ చెప్పలేదా, కంబళి భుజాన వేసుకుని ఊరికి పోవడమే. ఇక ఒక్కరోజు కూడా ఉండేది లేదు.

వాన మాత్రం రాలేదు. రావలసిన కార్తె దాటిపోయింది. నిల్వ చేసిన శనగ పొట్టు అయిపోయింది. తుమ్మకాయలు రాలినవి రాలినట్టే అయిపోయాయి. ఈనిన గొర్రెల పొదుగులు ఎండిపోయి తోలుసంచుల్లా వేలాడుతున్నాయి. పిల్లలు వాటిని కుమ్మి కుమ్మి, పాలు దిగక, అక్కడే మోకాళ్ళ మీద పడుకుంటున్నాయి. రాత్రి దొడ్డిలో అరుపులు తగ్గిపోయాయి. కాపరికి గొర్రెపిల్ల అరుపు కన్నా అరవకపోవడమే భయం. తెల్లారేసరికి ఒక్కో పిల్ల లేవడం లేదు.

మఠంలో ఒక కట్టుబాటు ఉంది. ఎండాకాలం పోయాక తొలి పచ్చిక ఎవరి నేల మీద వస్తే, మఠం గొర్రెలన్నీ అక్కడికే తోలాలి. ఇది తాత పెట్టింది కాదు, తాత గురువు పెట్టింది. ఇన్నేళ్ళలో దాన్ని ఎవరూ కాదనలేదు.

ఒక సాయంత్రం తూర్పున ఒక మబ్బు లేచింది. అందరూ తలలెత్తి చూశారు. మబ్బు వచ్చింది, మొక్కుబడి చెల్లించినట్టు నాలుగు చినుకులు విదిల్చింది, కర్ణాటక దారి పట్టి పోయింది. దుమ్ము అణిగింది. కంబళి మీద పడిన చినుకు లోపలికి కూడా దిగలేదు.

"దీన్ని వానంటారా?" అన్నాడు గాదిలింగ, కొట్టంలో పడుకుంటూ.

కొన్ని రోజులకు గాదిలింగ పొద్దన్నే మిట్ట ఎక్కి ఆగిపోయాడు. రాయికీ రాయికీ సందున, ఎక్కడ చూసినా, సూదిమొనల్లా పచ్చగా లేచి ఉంది. వంగి చూస్తే రాళ్ళు, నిలబడి చూస్తే పచ్చిక. మిట్టంతా ఆ కొస నుంచి ఈ కొస దాకా అంతే. తంగేడు పొదల మొదళ్ళలో ఇంకా దట్టంగా ఉంది.

నడుమన నల్ల చదరం మాత్రం బోడిగా ఉంది. అప్పడంలా పైపొర లేచి, అంచులు ముడుచుకుని, అడ్డదిడ్డంగా బీటలిచ్చి ఉంది. ఒక్క మొలక లేదు. మడమ చీల్చుకుని మోసిన మన్నంతా అదే.

గాదిలింగకు ఏడుపొచ్చింది. గబగబా కిందికి దిగి కడవతో నీళ్ళు తెచ్చి దాని మీద పోశాడు. నీళ్ళు బీటల్లో దిగాయి, పైన జిగురు తేలింది, ఎండెక్కేసరికి మళ్ళీ అప్పడమే. ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసుకున్నాడు.

ఎవరో మిట్ట ఎక్కుతున్నారు. హొన్నూరప్ప. వెనకాల అతని మంద. గొర్రెలు నడుస్తున్నాయనడం కన్నా ఒకదాన్నొకటి ఆనుకుని జరుగుతున్నాయనడం నయం. భుజం మీద రెండు పిల్లలు, తలలు వేలాడేసి ఉన్నాయి.

"అన్నా, నా రేగడి మీద గుడ్డిగవ్వంత పచ్చిక లేదన్నా" అన్నాడు హొన్నూరప్ప రొప్పుతూ. "ఆ తుంపరకు పైన బంక తేలి ఎండిపాయ. నీ మిట్ట పచ్చబడిందని కిందినుంచే చూసినా. పిల్లతల్లులకు రెండు బుక్కలు దొరికితే చాలు, పాలు దిగుతాయి."

ఇన్నాళ్ళూ గాదిలింగ గుండురాయెక్కి చూసిన మనిషి, వాడంతట వాడే వచ్చి తన ముందు నిలబడ్డాడు. చెయ్యి చాస్తున్నాడు. ఎంత తియ్యగా ఉందో ఆ క్షణం, అబద్ధమెందుకు, బెల్లం పాకంలా ఉంది. అతను కర్ర అడ్డం పెట్టాడు.

"నీకు దండిగా మన్నుంది గదా. పోయి మన్ను మేపుకో."

హొన్నూరప్ప మొదట నవ్వాడు, ఎగతాళికి అన్నాడేమోనని. తర్వాత నవ్వు పోయింది.

"కట్టుబాటుంది గదన్నా."

"ఆ కట్టుబాటేదో తాతనే అడుగు. రోజూ నీ పక్కన కూచుని చెప్తాడు గదా, ఏ కట్టుబాటుకు ఏమి అర్థమో."

"ఏమి చెప్తాడన్నా నాకు?" అన్నాడు హొన్నూరప్ప. మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "తడిక మూయమంటాడు. గిట్టలు చూసుకోమంటాడు. నిన్న చెప్పిందే ఈ పొద్దు, ఈ పొద్దు చెప్పిందే రేపు. మెల్లగా చెప్తాడు, గీత గీసి చెప్తాడు, కథ పెట్టి చెప్తాడు. పొద్దన్నకు మళ్ళీ మరిచిపోతా. నీకైతే ఒక్క మాట అని పోతాడు, నీకది చాలునంట. ఎన్నిసార్లు ఏడ్చుకున్నానో నిన్ను చూసి."

గాదిలింగ విన్నాడు. విన్నా కర్ర తీయలేదు. కడుపులో మంట అంత తేలిగ్గా ఆరేది కాదు, పైగా అది ఎదుటివాడి కన్నీళ్ళను కూడా నూనెగా వాడుకుంటుంది.

"నా మిట్ట, నా గడ్డి" అన్నాడు.

అప్పటికి తాత వచ్చి ఉన్నాడు. ఎప్పటిలాగే పొద్దన్నే వచ్చాడు, ఎంతసేపటినుంచి నిలబడి ఉన్నాడో తెలియదు. ఇద్దరి మొహాలూ చూసి, నల్ల చదరం ఒడ్డున గొంతుకూర్చున్నాడు.

ఆయన్ను చూడగానే గాదిలింగకు ఇన్నేళ్ళదీ ఒక్కసారిగా బయటికొచ్చింది.

"అవును తాతా, పోనీయను. వాడు నిన్నగాక మొన్న వచ్చినోడు. వాని పక్కన దీపాలు పెట్టేదాకా కూచుంటావు. నా దగ్గరికొచ్చి నిలబడే ఒక మాట పారేసి పోతావు, కుక్కకు రొట్టెముక్క పారేసినట్టు. నేనేం తప్పు చేసినా? నువ్వు చెప్పినట్టే మన్ను మోసినా. తట్టలు నువ్వే ఎత్తినావు. అది గూడా బోడిదైపాయ. ఈ పొద్దన్నా ఆ మాట నా చెవిలో చెప్పు. ల్యాకుంటే నా కంబళి ఎత్తుకుని నేను పోతా."

తాతకు కోపం రాలేదు. జాలి పడినట్టూ కనబడలేదు. నల్లమన్నులో వేలు గుచ్చాడు. పైపొర పెళుక్కున విరిగింది. వేలు తీసి చూపించాడు. పొడి దుమ్ము.

తర్వాత ఒక అడుగు ఇవతలికి జరిగి, గరుసులో ఒక గులకరాయిని మెల్లగా ఎత్తాడు. దాని కింద మన్ను ఎర్రగా, ముద్దగా, తడిగా ఉంది. తెల్లటి వేళ్ళు ఆ తడి మీద అల్లుకుని ఉన్నాయి. గాదిలింగ చూసిన తర్వాత ఆ రాయిని ఉన్నచోటనే, ఉన్న పక్కకే తిప్పి పెట్టాడు.

"మొన్న పడింది ఎంత వాన?" అని అడిగాడు.

"అదొక వానా తాతా?" అన్నాడు గాదిలింగ విసుగ్గా. "తుంపర. కంబళి కూడా తడవలేదు. దాన్ని ఎవరు లెక్కపెడతారు?"

"రేగడి గూడా అదే అనింది" అన్నాడు తాత.

మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. మిట్ట దిగిపోయాడు.

గాదిలింగ వెనక్కి పిలవాలనుకున్నాడు. తాత పొద్దన్నే వచ్చి, నిలబడి, ఒక్క మాట అని పోయిన, తాను లెక్కపెట్టని పొద్దుటి పూటలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి అతని ముందు నిలబడ్డాయి.

హొన్నూరప్ప ఇంకా అక్కడే ఉన్నాడు. భుజం మీద పిల్ల ఒకటి సన్నగా అరిచింది.

గాదిలింగ కర్ర పక్కన పడేసి దగ్గరికి పోయాడు. రెండు చేతులతో ఆ పిల్లను అందుకుని తన కంబళిలో చుట్టుకున్నాడు.

"పిల్లతల్లుల్ని ముందు తోలబ్బా" అన్నాడు.